పాత ‘థీఫ్’ ఆటలను నేటి కంప్యూటర్లో ఆడుకోవడం: న్యూడార్క్, టీఫిక్స్, మోడ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

చీకట్లో నక్కి, అడుగుల చప్పుడు వింటూ, ఎవరి కంటా పడకుండా కోటలోకి చొరబడే ఆటల్లో ‘థీఫ్’కు నా మనసులో ఉన్న చోటు మరే ఆటకూ లేదు. పాతికేళ్లు దాటిన ఆట. డిస్కు నుంచో ఆన్‌లైన్ దుకాణం నుంచో నేరుగా ఎక్కిస్తే నేటి కంప్యూటర్లో తరచు మొరాయిస్తుంది. అభిమానుల ప్యాచ్‌లు (ఆట ఫైళ్లలోని లోపాలు సరిచేసే చిన్న ప్రోగ్రాములు) వేస్తే మాత్రం విడుదలైన నాటికంటే నిలకడగా నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

ఏయే ఆటల గురించి ఈ జవాబులు?

ముఖ్యంగా రెండు. 1998లో వచ్చిన ‘థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్’, 2000 మార్చిలో వచ్చిన ‘థీఫ్ 2: ది మెటల్ ఏజ్’. మొదటి ఆటకు 1999లో ‘థీఫ్ గోల్డ్’ అనే పెంచిన కూర్పు వచ్చింది. అసలు ఆటలో 12 మిషన్లు ఉంటే గోల్డ్‌లో 15. ఇప్పుడు అమ్మకానికి దొరికేది సాధారణంగా గోల్డే.

రెండింటినీ తయారుచేసింది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో ఉండిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్. థీఫ్ 2 విడుదలైన రెండు నెలలకే, 2000 మే నెలలో, ఆ సంస్థ మూతపడింది. ఆటను కన్నవాళ్లు లేకుండా పోయాక దాన్ని పెంచి పోషించింది ఆడినవాళ్లే. ఈ పేజీలో చెప్పే ప్రతి ప్యాచ్‌కూ మూలం అక్కడుంది.

బొమ్మలు ఇంత మొరటుగా ఉన్న ఆటను ఇప్పుడెందుకు ఆడాలి?

మొదటి మిషన్‌లో బాఫర్డ్ ప్రభువు భవనంలోకి దూరి అతని రాజదండం దొంగిలించాలి. నడవాలో తివాచీ పరిచి ఉంటుంది. దాని మీద నడిస్తే మీ అడుగు మీకే వినపడదు. తివాచీ అయిపోయి పలకల నేల మొదలైన చోట ఒక్క అడుగు తొందరపడి వేస్తే ‘టక్’మంటుంది. పక్క గదిలో కూనిరాగం తీస్తున్న కాపలావాడి పాట ఆగిపోతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు, ఎర్ర గుర్తూ వెలగదు. పాట ఆగడమే హెచ్చరిక. మీరు ఊపిరి బిగబట్టి గోడకు అంటుకుని నిలబడతారు.

తెర అడుగున చిన్న మణి ఒకటి ఉంటుంది. వెలుగులో ఉంటే అది మెరుస్తుంది, చీకట్లోకి జారితే నల్లబడుతుంది. మీరు ఎంత కనిపిస్తున్నారో చెప్పేది అదొక్కటే. వెలుగు, చప్పుడు అనే రెండు విషయాల మీద ఆట మొత్తం నిలబడి ఉంది. అందుకే ప్యాచ్‌లు, మోడ్లు (ఆట రూపాన్నో నడతనో మార్చే అభిమానుల చేర్పులు) ఎంచుకునేటప్పుడు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఆ వెలుగునూ చప్పుడునూ కాపాడుతుందా, పాడుచేస్తుందా? కింద ఉన్న సలహాలన్నీ ఆ గీటురాయి మీద గీసి చూసి ఇచ్చినవే.

ప్యాచ్ లేకుండా ఎక్కిస్తే ఏమవుతుంది?

ఒక్కో కంప్యూటర్లో ఒక్కో తంటా. అసలు ఆటను ఒకే కోరు ఉన్న ప్రాసెసర్ల కాలంలో రాశారు. ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ మీద అది ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, లేదా మూసుకుపోతుంది. మిషన్ల మధ్య వచ్చే వీడియోలను ‘ఇండియో’ అనే పాత పద్ధతిలో కుదించారు. కొత్త విండోస్‌లో ఆ డీకోడర్ లేక వీడియో రావలసిన చోట ఆట పడిపోతుంది. రంగులు 16 బిట్లే కాబట్టి చీకటి మూలల్లో నీడలు మెట్లుమెట్లుగా, చారలుగా కనిపిస్తాయి. నీడల్లో బతికే ఆటకు ఇది చిన్న లోపం కాదు. వెడల్పాటి తెరకు తగిన కొలతలూ ఉండవు.

న్యూడార్క్ అంటే ఏమిటి? ఎవరు చేశారు?

ఆటను లోపల నడిపించే మూల ప్రోగ్రాంను ఇంజిన్ అంటారు. థీఫ్ ఆటలు నడిచే ఇంజిన్ పేరు డార్క్ ఇంజిన్. 1999లో వచ్చిన ‘సిస్టమ్ షాక్ 2’ కూడా దాని మీదే నడుస్తుంది. ఆ ఇంజిన్‌కు అభిమానుల లోకం నుంచి వచ్చిన కొత్త కూర్పుకు న్యూడార్క్ అనే పేరు స్థిరపడింది.

అది వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. 2012 సెప్టెంబరులో ఫ్రెంచి అభిమానుల వేదిక ఒకదానిలో ఎవరో ఈ ప్యాచ్‌ను పెట్టి వెళ్లారు. ముందస్తు ప్రకటన లేదు, చందాల సేకరణ లేదు. సంతకం మాత్రం ‘ల కోర్బో’ అని ఉంది. ఫ్రెంచిలో ఆ మాటకు కాకి జాతి పక్షి అని అర్థం. పేరు లేకుండా ఉత్తరాలు రాసేవాళ్లను కూడా ఫ్రెంచివాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. మన భాషలో చెప్పాలంటే అది ఆకాశరామన్న సంతకం. ఆకాశరామన్న ఉత్తరం మామూలుగా ఎవరో ఒకరి కొంప ముంచడానికే వస్తుంది. ఈ ఉత్తరం మాత్రం రెండు గొప్ప ఆటలకు ప్రాణం పోసింది.

మొదట థీఫ్ 2కూ సిస్టమ్ షాక్ 2కూ వచ్చింది. కొద్దికాలానికే మొదటి థీఫ్‌కూ అందింది. డ్రీమ్‌కాస్ట్ యంత్రం కోసం సిస్టమ్ షాక్ 2ను మార్చే పని అప్పట్లో సగంలో ఆగిపోయింది. దానికి సంబంధించిన ఇంజిన్ సోర్స్ కోడు 2010లో బయటపడింది. న్యూడార్క్‌కు పునాది ఆ కోడేనని అభిమానుల్లో చాలామంది నమ్మకం.

అది చేసిన పని చిన్నది కాదు. ఎక్కువ కోర్ల ప్రాసెసర్ల మీద ఆట నిలబడింది. బొమ్మలు గీసే బాధ్యత డైరెక్ట్‌ఎక్స్ 9కు మారింది. 32 బిట్ల రంగులు, వెడల్పాటి తెరలు, పదునైన టెక్స్చర్లు (గోడలకూ నేలలకూ అతికించే బొమ్మలు) సాధ్యమయ్యాయి. వీడియోలకు కొత్త డీకోడర్ వచ్చింది. ఒక దృశ్యంలో ఇన్ని పలకలు, ఇన్ని వస్తువులు మాత్రమే ఉండాలన్న పాత హద్దులు బాగా విశాలమయ్యాయి. ఆ చివరి మార్పు అభిమానుల మిషన్ల రూపాన్నే మార్చేసింది. దాని సంగతి తర్వాత.

మరి టీఫిక్స్, టీటూఫిక్స్ ఏమిటి? ఏది వేసుకోవాలి?

న్యూడార్క్ అనేది ఇంజిన్. టీఫిక్స్, టీటూఫిక్స్ అనేవి ఆ ఇంజిన్‌ను, దానితోపాటు మిషన్లలో పేరుకుపోయిన తప్పుల సవరణలను, అవసరమైన అమరికలను ఒకే ఇన్‌స్టాలర్‌లో కట్టి ఇచ్చే మూటలు. డార్క్ ప్రాజెక్ట్‌కూ గోల్డ్‌కూ టీఫిక్స్. థీఫ్ 2కు టీటూఫిక్స్. సవరణలంటే తేలే కుర్చీలు, తప్పుగా అతికిన గోడలు, లెక్కలోకి రాని లక్ష్యాలు వంటివాటిని సరిచేయడం.

ఫైళ్లను చేత్తో అమర్చుకునే ఓపిక, అనుభవం ఉంటే న్యూడార్క్‌ను విడిగా వేసుకోవచ్చు. మొదటిసారి అయితే మూటే మేలు. నేను ఇన్నేళ్లుగా ఆడుతున్నా కొత్త కంప్యూటర్ కొన్న ప్రతిసారీ మూటే వాడుతున్నాను.

నేను కొన్న కాపీలో ఇది ముందే ఉందేమో ఎలా తెలుస్తుంది?

ఆట మొదలుపెట్టి వీడియో అమరికల్లోకి వెళ్లండి. మీ తెరకు సరిపడే 1920×1080 వంటి వెడల్పు కొలతలు కనిపిస్తే న్యూడార్క్ ఉన్నట్టే. థీఫ్ 2కు ఇంకో దారి ఉంది. ఆట ఫోల్డర్‌లోని ఎగ్జిక్యూటబుల్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి వివరాలు చూడండి. లుకింగ్ గ్లాస్ ఇచ్చిన చివరి కూర్పు 1.18. అంకె 1.19 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే అది కొత్త ఇంజిన్. ఉన్నా సరే, మూటలోని మిషన్ సవరణల కోసం టీటూఫిక్స్ వేసుకోవడం మంచిది.

ఇదంతా ఉచితమేనా? దొంగ కాపీ మీద పనిచేస్తుందా?

ప్యాచ్‌లు, మోడ్లు అన్నీ ఉచితం. వాటిలో ఆట ఉండదు. మిషన్లు, గొంతులు, శబ్దాలు మీ సొంత కాపీలోంచే రావాలి. హక్కులు ఐడోస్ నుంచి స్క్వేర్ ఎనిక్స్‌కు, 2022లో ఎంబ్రేసర్ గ్రూపుకు మారాయి గాని ఆట అమ్మకం ఆగలేదు. తగ్గింపు ధరలప్పుడు రెండు ఆటలూ కలిపి హోటల్లో ఒక భోజనం ఖరీదుకు వచ్చేస్తాయి. దయచేసి కొనుక్కోండి.

ఏ వరుసలో చేయాలి?

వరుస తప్పడం వల్లే ఇబ్బందుల్లో సగానికి సగం వస్తాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆటను ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ బయట ఎక్కించండి. సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో ‘ఆటలు’ వంటి ఫోల్డర్ ఒకటి విడిగా తెరిచి అందులో పెట్టండి. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ లోపల ఫైళ్లు మార్చడానికి విండోస్ సులభంగా ఒప్పుకోదు. మీరు మార్చాననుకున్న అమరిక నిజానికి ఇంకెక్కడో దాచిన నకలులో మారి ఉంటుంది, ఆటలో ఏ తేడా కనబడదు. నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఇదే సమస్యతో కుస్తీ పట్టాను. ఫోల్డర్‌ను బయటికి మార్చగానే పది నిమిషాల్లో అన్నీ కుదిరాయి.

రెండోది, ఎక్కించిన ఫోల్డర్ మొత్తాన్ని ఒకసారి నకలు తీసి పక్కన పెట్టుకోండి. ఎప్పుడు ఏది చెడినా మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని ఉండదు.

మూడోది, టీఫిక్స్ గాని టీటూఫిక్స్ గాని నడపండి. ఆట ఉన్న ఫోల్డర్‌ను సరిగ్గా చూపించండి. మధ్యలో అదనపు మోడ్ల జాబితా వస్తుంది. మొదటిసారి అవేవీ ఎంచుకోకండి. మూల సవరణలు చాలు.

నాలుగోది, శిక్షణ మిషన్‌ను, మొదటి మిషన్‌ను అలాగే ఆడండి. అంతా సవ్యంగా ఉందని తేలాక ఒక్కో మోడ్‌నూ విడివిడిగా చేర్చి, చేర్చిన ప్రతిసారీ ఆడి చూడండి. ఒకేసారి పది చేరిస్తే, ఆట పడిపోయినప్పుడు కారణం ఏదో మీకు అంతుపట్టదు.

ఇన్‌స్టాలర్‌ను చూడగానే యాంటీవైరస్ అరుస్తోంది. భయపడాలా?

వేరే ప్రోగ్రాం ఫైళ్లను మార్చే ఏ ప్యాచ్‌ను చూసినా యాంటీవైరస్ అనుమానిస్తుంది. అలాగని కళ్లు మూసుకుని వదిలేయమని చెప్పను. అభిమానుల ప్రధాన వేదికలో తయారీదారులు తామే ఇచ్చిన లంకె నుంచి మాత్రమే తెచ్చుకోండి. ‘ఉచిత ఆటలు’ అంటూ నకళ్లు పంచే చోట్ల నుంచి వద్దు. తెచ్చిన ఫైలును ఒకటికి మించిన యాంటీవైరస్‌లతో పరీక్షించుకోండి.

పదునైన టెక్స్చర్ల మోడ్లు వేసుకోవాలా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. నేను మాత్రం దీన్ని చివర చూడమంటాను.

అసలు ఆటలో ఒక్కో టెక్స్చర్‌కు 256 రంగులే. కొలత మహా అయితే 256 చుక్కలు అడ్డం, అన్నే నిలువు. పెద్ద తెర మీద దగ్గరగా చూస్తే గోడలు మసకబారి ఉంటాయి. దీనికి విరుగుడుగా ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన ప్యాక్‌లు ఉన్నాయి. వాటిలో రెండు దారులు కనిపిస్తాయి. ‘ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్’ అసలు రూపానికి కట్టుబడి ఉంటుంది. పాత కళాకారుడి చేతిలో ఇంకాస్త పెద్ద కాన్వాసు ఉంటే ఏం గీసేవాడో అలా గీయడానికి ప్రయత్నిస్తుంది. ‘నెక్రోఏజ్’ గోడలు, నేలల టెక్స్చర్లను మరింత ధైర్యంగా మారుస్తుంది. నా ఓటు మొదటిదానికి.

దీనికి కారణం అందం మాత్రమే కాదు. డార్క్ ఇంజిన్‌లో నేల మీద అడుగు చప్పుడు ఆ నేలకు అతికించిన టెక్స్చర్‌ను బట్టి ఉంటుంది. ఇది రాయి, ఇది చెక్క, ఇది లోహం అని ప్రతి టెక్స్చర్‌కూ ఒక పదార్థం రాసి ఉంటుంది. మోడ్ బొమ్మను మారుస్తుంది గాని ఆ పదార్థాన్ని మార్చదు. కొత్త బొమ్మ గీసినవాళ్లు కాస్త అజాగ్రత్తగా ఉంటే కంటికి మట్టినేలలా కనిపించినది చెవికి రాతినేలలా మోగుతుంది. మామూలు ఆటలో అది చూసీ చూడనట్టు పోయే లోపం. ఇక్కడ మాత్రం ఆ మట్టిని నమ్మి పరుగెత్తిన దొంగ దొరికిపోతాడు. మంచి ప్యాక్‌లు ఈ విషయంలో ఎంతో జాగ్రత్త తీసుకున్నాయి. ఎక్కడెక్కడివో ముక్కలు ఏరి కలిపితేనే తేడా వస్తుంది.

ఇంకోటి: పాత టెక్స్చర్ల మసక ఆ నగరపు మసకతో కలిసిపోయింది. ప్రతి ఇటుకా మెరిసిపోతే కన్ను ఇటుకల మీదికి పోతుంది, నీడల మీద నిలవదు. ఒక మిషన్ ప్యాక్ లేకుండా, అదే మిషన్ ప్యాక్‌తో ఆడి చూసి మీరే తేల్చుకోండి.

తెర మరీ చీకటిగా ఉంది. గామా (తెర వెలుగు అమరిక) పెంచవచ్చా?

కొద్దిగా పెంచండి. పట్టపగలులా మాత్రం చేయకండి. కాపలావాళ్లు మిమ్మల్ని చూడటానికీ మీ తెర వెలుగుకూ సంబంధం లేదు. మీరు నిలబడిన చోట మిషన్‌లో లెక్కగట్టి ఉంచిన వెలుగును బట్టే ఇంజిన్ తీర్పు చెబుతుంది. మణి చూపించేదీ ఆ లెక్కే. అంటే గామా పెంచినంత మాత్రాన ఆట కష్టం కాదు, తగ్గించినంత మాత్రాన సులువు కాదు. తగ్గేది ఆ మూలలో ఏముందోనన్న గుబులు. గుబులు పోతే ఆట పస పోతుంది. గదిలో దీపం ఆర్పి, రాత్రిపూట ఆడి చూడండి. గామా జోలికి వెళ్లే అవసరమే రాకపోవచ్చు.

వెలుగుల చుట్టూ కాంతి పరిచే ‘బ్లూమ్’ కూడా న్యూడార్క్‌లో ఉంది. కాగడాల చుట్టూ లేతగా ఉంటే బాగుంటుంది. ఎక్కువైతే నీడ ఎక్కడ మొదలవుతుందో కంటికి ఆనదు. నేను దాన్ని ఆపేసి ఆడతాను.

శబ్దం ఫ్లాట్‌గా వినిపిస్తోంది. ఏం చేయాలి?

ఈ ఒక్క జవాబూ శ్రద్ధగా చదవండి. టెక్స్చర్లు లేకున్నా థీఫ్ థీఫే. శబ్దం సరిగా లేకపోతే మాత్రం కాదు.

ఈ ఆటలో శబ్దం గోడల్లోంచి దూసుకు రాదు. మిషన్ కట్టేవాళ్లు ప్రతి గదినీ, గదుల మధ్య ద్వారాలనూ ఇంజిన్‌కు గుర్తుపెట్టి ఇస్తారు. ఒక చప్పుడు పుడితే అది గుమ్మాలు, నడవాలు, మెట్లు దాటుకుంటూ మీ చెవిదాకా నడిచి వస్తుంది. మధ్యలో తలుపు మూసి ఉంటే మందగిస్తుంది. మీ అడుగుల చప్పుడు కాపలావాళ్ల చెవికి చేరే దారీ అదే. కళ్లు మూసుకుని విన్నా, కాపలావాడు ఏ గుమ్మం వైపు నుంచి వస్తున్నాడో తెలియాలి. అప్పటి సౌండ్ కార్డుల్లోని ఇ.ఎ.ఎక్స్. సదుపాయంతో రాతి హాలులో ప్రతిధ్వని, ఇరుకు గదిలో అణిగిన ధ్వని వేరువేరుగా వినిపించేవి.

2007లో వచ్చిన విండోస్ విస్తా ఆ దారి మూసేసింది. ఆటలు సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడే పద్ధతిని తీసేశారు. ఆ తర్వాత ఏళ్లపాటు థీఫ్ ఆడినవాళ్లలో చాలామంది సగం ఆటే విన్నారు.

న్యూడార్క్ ఓపెన్‌ఏఎల్ అనే శబ్ద వ్యవస్థ ద్వారా ఆ దారిని మళ్లీ తెరిచింది. ఆటలో ఆడియో అమరికలకు వెళ్లి, శబ్ద పరికరాల జాబితాలో ఓపెన్‌ఏఎల్‌ను ఎంచుకోండి. ఇ.ఎ.ఎక్స్.ను ఆన్ చేయండి. స్పీకర్ల కంటే హెడ్‌ఫోన్లు మేలు. ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్‌లో హెడ్‌ఫోన్ల కోసం హెచ్.ఆర్.టి.ఎఫ్. అనే అమరిక ఉంది. రెండు చెవులకూ శబ్దం చేరే తేడాను లెక్కగట్టి, వెనక వచ్చేది వెనకే, పైఅంతస్తులో నడిచేది పైనే అనిపించేలా చేస్తుంది. అది ఆన్ చేసినప్పుడు విండోస్‌లోనో హెడ్‌ఫోన్లలోనో ఉన్న ‘సరౌండ్’ మాయలన్నీ ఆపేయండి. రెండు లెక్కలు ఒకదాని మీద ఒకటి పడితే దిక్కు తెలియకుండా పోతుంది.

రెండు మోడ్లు ఒకే ఫైలును మారిస్తే ఏది గెలుస్తుంది?

మోడ్ల జాబితా ఆట ఫోల్డర్‌లో ‘క్యామ్ మోడ్’ అనే ఐ.ఎన్.ఐ. ఫైలులో ఉంటుంది. మోడ్లున్న ఫోల్డర్ల పేర్లు అందులో కూడిక గుర్తుతో వరుసగా రాసి ఉంటాయి. ముందు రాసినదానిదే పైచేయి. అందువల్ల చిన్న, ప్రత్యేకమైన మోడ్లను ముందు, పెద్ద ప్యాక్‌లను తర్వాత పెట్టండి. ఈ పద్ధతిలో అసలు ఆట ఫైళ్లు చెక్కుచెదరవు. మోడ్ వద్దనుకుంటే దాని పేరు ఆ వరుసలోంచి తీసేస్తే చాలు.

నా తెర 144 హెర్ట్జ్‌ది. ఆటను అంత వేగంగా నడపవచ్చా?

వద్దు. న్యూడార్క్ మామూలుగా సెకనుకు 100 ఫ్రేముల దగ్గర కట్ట వేస్తుంది. ఆ కట్ట తెంచితే ఆటలోని భౌతిక సూత్రాల లెక్క తప్పి వస్తువుల కదలికలు వింతగా మారతాయి. నెమ్మదిగా నక్కి నడిచే ఆటకు 60 ఫ్రేములున్నా ధారాళం.

మిషన్ మధ్యలో ఉండగా మోడ్లు మార్చవచ్చా? పాత సేవ్‌లు పనిచేస్తాయా?

మిషన్ పూర్తిచేసి, తర్వాతిది మొదలుపెట్టే ముందు మార్చండి. థీఫ్ 2లో బ్యాంకు దోపిడీ మిషన్ పెద్దది. మూడు సాయంత్రాలు ఓపికగా ఆడి ఖజానా దాకా వచ్చాక, వస్తువుల ప్రవర్తనను మార్చే మోడ్ ఒకటి చేర్చాను. ఆ సేవ్ మళ్లీ తెరుచుకోలేదు. మిషన్ మొదలైనప్పుడు ఆట రాసుకున్న వస్తువుల జాబితా ఒకటి, కొత్త మోడ్ చెప్పే జాబితా ఇంకొకటి. రెండూ పొసగవు. పాత ఇంజిన్‌లో చేసిన సేవ్‌ల మీద కూడా ఆశ పెట్టుకోకండి. మిషన్‌ను మొదటినుంచి ఆడండి.

అభిమానుల మిషన్లు అంటారే, అవేమిటి? ఎలా ఎక్కించాలి?

లుకింగ్ గ్లాస్ తమ మిషన్లు కట్టుకున్న పనిముట్టునే అభిమానులకు ఇచ్చింది. దానితో వాళ్లు సొంత మిషన్లు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికి ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఒక్క ఇంటి దోపిడీ దగ్గర నుంచి పూర్తిస్థాయి కథల వరకు అందులో ఉన్నాయి.

న్యూడార్క్‌తో పాటు వచ్చే ఎఫ్.ఎమ్.సెల్ అనే చిన్న ప్రోగ్రాం వీటిని చూసుకుంటుంది. డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి ఆ చోటు దానికి చూపించండి. జాబితాలోంచి ఎంచుకుంటే అదే విప్పి ఆటలో పెడుతుంది. ఒక్కో మిషన్ సేవ్‌లు దానిదాని దగ్గరే ఉంటాయి, కలగాపులగం కావు. తీసేసేటప్పుడు సేవ్‌లను దాచమంటారా అని అడుగుతుంది. దాచమనండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు అసలు ఆట పూర్తిచేయండి. అభిమానుల మిషన్లు కట్టినవాళ్లు ఆరితేరిన ఆటగాళ్లు. వాళ్ల కాపలావాళ్లు కనికరం చూపరు. ఆ తర్వాత ‘థీఫ్ 2ఎక్స్: షాడోస్ ఆఫ్ ది మెటల్ ఏజ్’ ఆడండి. 13 మిషన్లు. ఐదేళ్లు కష్టపడి 2005లో విడుదల చేశారు. అసలు ఆటల్లో మనం ఆడించే దొంగ గారెట్ స్థానంలో జాయా అనే యువతి ఉంటుంది. మొదటి థీఫ్ 25వ పుట్టినరోజుకు, 2023లో, థీఫ్ గోల్డ్ కోసం పది మిషన్ల ‘ది బ్లాక్ పరేడ్’ వచ్చింది. ఎత్తైన కప్పులు, దూరాన కనిపించే గోపురాలు, ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునే వీధులు. ఇంతటి నగరాన్ని పాత ఇంజిన్ మొయ్యలేదు. ఇందాక చెప్పిన హద్దులు విశాలమైనందుకే ఇవి కట్టగలిగారు. 1998 నాటి అసలు మిషన్ల పక్కన పెట్టినా తలదించుకోనక్కర్లేని పని ఇది. డబ్బులిచ్చి కొన్న ఎన్నో కొత్త ఆటల కంటే నేను దీన్నే పైన పెడతాను.

మీటల అమరిక అయోమయంగా ఉంది.

అప్పటి అలవాటు వేరు. మీకు నచ్చినట్టు మార్చుకోండి. ఒక్కటి మరవకండి: నెమ్మదిగా నడవడానికి వేలికి అందే మీట ఒకటి విడిగా ఉంచండి. ఈ ఆటలో ఎంత వేగంగా కదిలితే అంత చప్పుడు.

కాపలావాళ్ల ఇంగ్లీషు అర్థం కావడం లేదు. సబ్‌టైటిళ్లు ఉంటాయా? తెలుగులో ఆడవచ్చా?

న్యూడార్క్‌లో సబ్‌టైటిళ్ల సదుపాయం ఉంది. అభిమానులు రాసిన ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు దొరుకుతాయి. గోడ చాటున గొణుక్కునే మాటల్లోనే ఖజానా గుట్టు దాగి ఉంటుంది కాబట్టి తప్పక పెట్టుకోండి.

తెలుగు సంగతి వేరు. ఈ ఇంజిన్ ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న బొమ్మ పెట్టుకుని, వాటిని పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. లాటిన్ అక్షరాలకు అది సరిపోతుంది. మనకు గుణింతాలు, వత్తులు ఉన్నాయి. ‘స్త్రీ’ అని రాయడానికి అక్షరాల బొమ్మలను వరుసగా పేరిస్తే చాలదు, ఒకదాని కింద ఒకటి ఒదగాలి. ఆటలో గారెట్ చదివే ఉత్తరాలు, డైరీలు మాత్రం మామూలు టెక్స్ట్ ఫైళ్లే. వాటిని విడిగా తెలుగు చేసి పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. బాఫర్డ్ భవనంలోని కాగితాలను మా చెల్లెలి కోసం నేను అలాగే తెలుగు చేశాను. ఆ మిషన్ ఆమె ఒక్కతే పూర్తిచేసింది.

మా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. నడుస్తుందా?

నడుస్తుంది. ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్ చాలు. లినక్స్ వాడేవాళ్లకు, విండోస్ ప్రోగ్రాంలను అక్కడ నడిపించే వైన్, ప్రోటాన్‌ల మీద కూడా న్యూడార్క్ బాగా నడుస్తుంది.

మా అబ్బాయికి పదేళ్లు. ఆడనివ్వవచ్చా?

ఇంకొన్నేళ్లు ఆగండి. పేరుకు దొంగాట అయినా మొదటి ఆటలో భూతాల మిషన్లు చాలానే ఉన్నాయి. ‘బోన్‌హోర్డ్’ అనే భూగర్భ శ్మశానంలో చీకట్లో శవాలు లేచి మూలుగుతూ తిరుగుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పెద్దవాళ్లకే గుండె దడదడలాడుతుంది. థీఫ్ 2లో ఇవి బాగా తక్కువ.

మూడో థీఫ్‌కు కూడా ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. 2004లో అయాన్ స్టార్మ్ చేసిన ‘డెడ్లీ షాడోస్’ వేరే ఇంజిన్ మీద నడుస్తుంది కాబట్టి న్యూడార్క్ దానికి పనికిరాదు. దానికి ‘స్నీకీ అప్‌గ్రేడ్’ ఉంది. ముక్కలుగా తెగిన మిషన్లను కలిపి ఆడే వీలు కూడా అందులో ఉంది. కొనే పని లేకుండా ఈ తరహా ఆట రుచి చూడాలంటే ‘ది డార్క్ మోడ్’ ఎక్కించండి. డూమ్ 3 ఇంజిన్ మీద అభిమానులు కట్టిన ఆట. 2013 నుంచి ఇంకే ఆటా అవసరం లేకుండా ఉచితంగా నడుస్తోంది.

అంతా సరిగ్గా అమరిందని ఎలా నిర్ధారించుకోవాలి?

బాఫర్డ్ మిషన్ మొదలుపెట్టండి. వీధి దీపం కింద నిలబడి మణి వంక చూడండి, వెలగాలి. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నీడలోకి వెళ్లండి, మెల్లమెల్లగా నల్లబడాలి. గోడ మీద నీడ అంచు చారలు లేకుండా మెత్తగా కరిగిపోవాలి. తర్వాత ముఖద్వారం వైపు నడవండి. గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్లు ఎలుగుబంట్ల పందేల గురించి ముచ్చటించుకుంటూ ఉంటారు. దగ్గరికి పోకుండా మూల మలుపు దగ్గరే ఆగి, మౌస్‌తో తల అటూ ఇటూ తిప్పండి. మాటలు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి జరగాలి. రెండడుగులు వెనక్కి వేసి గోడ చాటుకు తప్పుకుంటే మాటలు మందగించాలి. అలా వినిపిస్తే అన్నీ కుదిరినట్టే, కాపలావాళ్ల ముచ్చట అయిపోయేలోగా పక్క సందులోకి తప్పుకోండి.